పరేలుకు వెళ్ళిన బొంతలు

షోలాపురం పేరు చెప్పగానే యెవరికైనా మొదట దుప్పటి జ్ఞాపకం వస్తుంది. రైలులో పక్కన కూర్చున్నవారు మీదే వూరని అడిగి, షోలాపురమని మేము చెప్పీ చెప్పకముందే, “అయితే దుప్పటి ధర యిప్పుడెంత వున్నదండీ?” అంటారు. జకార్డు మగ్గం మీద పువ్వులు తేలేటట్టు నేసిన యీ నూలు దుప్పటికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. ఆ మగ్గాల వెనుక వున్న చేతులు చాలామట్టుకు తెలుగు చేతులేనని మన చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో నైజాము యేలుబడిలోని తెలంగాణా నుంచి పద్మశాలి కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని వచ్చి యిక్కడ స్థిరపడ్డాయి. 1877 నుంచి నడిచిన పాతమిల్లు, దాని వెనుక వచ్చిన తక్కిన మిల్లులు, ఆ తర్వాత మరమగ్గాలు వారికి కూడు పెట్టినాయి. ఆ మిల్లులు మూతపడినాయి గాని, పూర్వభాగపు వీధులలో మగ్గాల చప్పుడూ, దానితో పాటు తెలుగు మాటా యింకా వినబడుతూనే వున్నాయి.

అయితే యీ వ్యాసం దుప్పటిని గురించి కాదు, బొంతను గురించి. దుప్పటి మగ్గం మీద పుడుతుంది. బొంత ఒడిలో పుడుతుంది. మరాఠీవారు దీనిని గోధడి అంటారు, కర్ణాటకంలోని మన బంధువులు కౌది అంటారు. పేరేదైనా పని ఒకటే. అమ్మమ్మ కట్టి విడిచిన చీరలు నాలుగు పొరలుగా పరచి, దబ్బనంతోనో సూదితోనో వరసగా కుట్లు వేస్తే బొంత అవుతుంది. పాతచీర యెంత నలిగితే బొంత అంత మెత్తన. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది దానిమీదనే గదా!

మా వాడకట్టు స్త్రీలు పన్నెండుమంది కలిసి బొంబాయిలో కాన్సరుకు చికిత్స పొందుతున్న పిల్లలకోసం యిటువంటి బొంతలు కుట్టినారు. మేము నలుగురం వాటిని పరేలుకు తీసుకొని వెళ్ళి యిచ్చి వచ్చాము. ఆ సంగతే చెప్పదలచినాము.

ఇటువంటి పని లోకంలో కొత్తది కాదు. అమెరికాలో డెన్వరు నగరాన కేరన్ లౌక్స్ అనే ఆమె 1995 డిసెంబరులో ఒక పత్రికలో రక్తకాన్సరుతో బాధపడుతున్న చిన్నపిల్ల బొమ్మ చూచినది. చికిత్స కాలమంతా ఆ పిల్ల తన చిన్ననాటి దుప్పటిని విడువలేదట. అది చదివి ఆమె అక్కడి పిల్లల కాన్సరు చికిత్సాకేంద్రానికి చేతితో చేసిన దుప్పట్లు పంపడం మొదలుపెట్టినది. బొమ్మల కథలో యెప్పుడూ దుప్పటి పట్టుకొని తిరిగే లైనస్ అనే పిల్లవాని పేరే ఆ సేవకు పెట్టినారు. మా స్త్రీలలో యెవరికీ ఆ లైనస్ తెలియదు. కాని దుప్పటి పట్టుకొని తిరిగే పిల్లలు ప్రతి యింటా వుంటారు గనుక కథ వెంటనే అర్థమయినది.

కుట్టడం మొదలుపెట్టకముందే పరేలులో పిల్లల వసతిగృహం చూచుకొనే ఆమెకు ఫోను చేసి యేమి కావాలో అడిగినాము. ఆమె చెప్పిన మొదటి మాటే మా వాళ్ళను కలతపెట్టినది. పాతచీరలు పనికిరావు, అన్నీ కొత్త నూలుగుడ్డలే కావాలి అన్నది. కారణం న్యాయమైనదే. కాన్సరు మందుల వల్ల పిల్లల నెత్తురులో తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. మనకు జలుబుతో పోయే అంటు వారికి ప్రాణం మీదికి రావచ్చును. అందుచేత వేడినీళ్ళలో వుతికినా చెడని గుడ్డ కావాలి. వుతికిన తర్వాత తడి నిలువకుండా త్వరగా ఆరాలి. నూగు రాలే ఉన్ని వద్దు, బొత్తాములూ అద్దాలూ వద్దు, అత్తరు వాసన గాని కలరా వుండల వాసన గాని వుండకూడదు.

బొంతకు ప్రాణమే పాతచీర అయినప్పుడు, కొత్తగుడ్డతో కుట్టినది బొంత యెట్లా అవుతుంది? దీనిమీద మాలో రెండు మధ్యాహ్నాలు చర్చ జరిగినది. చివరకు మా పెద్దమ్మ ఒకామె, “చీర లేకపోతే యేమాయె, కుట్టు మనదే గదా,” అన్నది. అంతటితో గుడ్డ కొనడానికి బజారుకు వెళ్ళాము.

చర్చ అక్కడితో ఆగలేదు. సంఘంలో లెక్కలు చూచే అన్నగారు ఒకరు, “షోలాపురంల కూసొని దుప్పట్లు కుట్టుడేంది? మగ్గం మీద ఒక్క పూటల అయ్యేదానికి చేతులు నొప్పిపెట్టుకునుడెందుకు? పైసలు జమచేసి పంపితె అయిపోతది,” అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. పైకము ముందు కావాలి. మందు, అన్నము, రైలుచార్జీ, యివి లేనిదే బొంత యెవరిని బతికించదు. దానికి పెద్దమ్మ యిచ్చిన జవాబు యిది: “పైసలున్నోళ్ళు పైసలిస్తరు. మాకు చేతులున్నయి.” ఆయన నవ్వి, గుడ్డ ఖర్చు తానే యిచ్చినారు.

ఆ చేతులు యెటువంటివో కూడ చెప్పాలి. మా వూళ్ళో మగ్గం మగవారిది, బీడీ ఆడవారిది. పన్నెండుమందిలో తొమ్మిదిమంది బీడీలు చుట్టేవారే. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టి, వెయ్యింటికి యింత అని కూలి తెచ్చుకొంటారు. పొగాకు దుమ్ము బొంతకు తగలరాదు గనుక యెవరూ యింటివద్ద కుట్టలేదు. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, గుడిపక్క సావడికి వచ్చి కుట్టినారు. పొగాకుతో బతికే చేతులు కాన్సరు పిల్లలకు పడక కుట్టడంలోని చిత్రం వారికి తెలియకపోలేదు. ఒకామె అన్నది కూడ. ఎవరూ బదులు చెప్పలేదు, సూదులు మాత్రం ఆగలేదు.

మన చదువరులు కుట్టదలిస్తే పద్ధతి యిది. గుడ్డను ముందే వేడినీళ్ళలో వుతికి ఆరవేయాలి, లేకుంటే తర్వాత ముడుచుకొని బొంత వంకరపోతుంది. కొలత గజం వెడల్పు, గజమున్నర పొడుగు. అంతకు మించితే మంచం చక్రాలకింద పడుతుంది. మూడు పలుచని పొరలు చాలు. మధ్యలో దూది వేస్తే వుతికినప్పుడు వుండలు కడుతుంది. కుట్లు దగ్గరగా వుండాలి, పిల్లల వేలు దూరేటంత సందు వుండకూడదు. సూదులు లెక్కపెట్టి యివ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి. ఒక సూది తక్కువైతే ఆనాటి బొంతలన్నీ విప్పి వెదకవలసినదే. పని అంతా అయినాక అయస్కాంతంతో ఒకసారి తడమడం మంచిది.

ఆ విధంగా మూడు నెలలలో 36 బొంతలయినాయి. ఒక్కొక్క గుడ్డలో రెండేసి, అంటే 18 జతలు. జత యెందుకో ముందు చెబుతాము.

రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సులో మూడు మూటలతో బయలుదేరి తెల్లవారేసరికి దాదరులో దిగాము. అక్కడినుంచి లోకల్ రైలులో ఒక్క స్టేషను పోతే పరేలు. ఒకప్పుడు యిది గొట్టాల వూరు. యెటు చూచినా నూలుమిల్లుల పొగగొట్టాలే. మన తెలుగు కార్మికులు యెందరో ఆ మిల్లులలో చెమటోడ్చినారు. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడి, ఆ స్థలాలలో అద్దాల మేడలు లేచినాయి. మిల్లులు పోయినా ఆస్పత్రులు మిగిలినాయి. 1926 నాటి కె. ఇ. ఎం. ఆస్పత్రి, 1929 నాటి వాడియా పిల్లల ఆస్పత్రి, 1941 ఫిబ్రవరి 28న తెరచిన టాటా మెమోరియల్, మూడూ ఒక నడక దూరంలోనే వున్నవి. బీహారు, బెంగాలు, జార్ఖండు, విదర్భ, యెక్కడెక్కడి రోగులో యీ వీధికి వస్తారు. చేతిలో పెద్ద కవర్లు, మూతికి గుడ్డ, భుజాన పిల్లవాడు, యిదే యిక్కడి తీర్థయాత్ర. చోటు దొరకనివారు కాలిబాట మీదనే పక్క వేసుకొంటారు. అటువంటి కుటుంబాలకు వుచిత వసతి కల్పించే సంస్థలు కొన్ని వున్నవి. సెయింట్ జూడ్ ఇండియా వారు 2006లో యీ నగరంలోనే ఆ పని మొదలుపెట్టినారు.

మేము వెళ్ళిన వసతిగృహం చిన్నది. ఒక్కొక్క కుటుంబానికి ఒక మంచం, ఒక బీరువా, అందరికీ కలిపి ఒక వంటిల్లు. గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కడుక్కొని, మూతికి గుడ్డ కట్టుకొని లోపలికి వెళ్ళాము. నిర్వాహకురాలు మూటలు విప్పి, ఒక్కొక్క బొంతను వెలుతురుకు పట్టి చూచి, మళ్ళీ ఒకసారి వుతికించడానికి పక్కన పెట్టించినది. ముందురోజుల్లో మేము పంపిన రెండు జతలు మాత్రం వుతికి సిద్ధంగా వున్నవి. వాటిని ఆనాడే యిచ్చినారు.

అందులో ఒకటి సిరొంచ ప్రాంతపు పిల్లవానికి వచ్చినది. గడచిరోలి జిల్లాలో ప్రాణహిత వొడ్డున వున్న ఆ తాలూకాలో యింటిమాట తెలుగే. మా మాట వినగానే వాని తల్లి, “మీరు మనోళ్ళేనా అక్కా?” అని లేచి వచ్చినది. పిల్లవానికి ఆరేండ్లుండవచ్చును. తలమీద వెంట్రుక లేదు. నీలపు బొంతను మోకాళ్ళమీద పరచుకొని, కుట్టు వెంట వేలు పోనిచ్చి, చాలాసేపు యేమీ అనలేదు. తర్వాత తల్లిని అడిగినాడు: “అమ్మా, ఇది మల్ల యెప్పుడియ్యాలె?”

ఆ మాట మా నలుగురికీ గుచ్చుకొన్నది. ఆలోచిస్తే వాడు అడిగినది సరియైనదే. ఆస్పత్రిలో మంచం తిరిగి యివ్వాలి. అంగీ, పక్కగుడ్డ, చక్రాల కుర్చీ, ఆడుకోవడానికి యిచ్చిన రైలుబండి, అన్నీ తిరిగి యిచ్చేవే. ఈ గది కూడ చికిత్స కాగానే మరొకరికి అప్పగించేదే. ఇన్నాళ్ళలో వానికి యిదొక్కటే తిరిగి యివ్వనక్కరలేని వస్తువు. తల్లి, “ఇచ్చేదేం లేదురా, నీదే,” అన్నది. వాడు వెంటనే దానిని మడిచి తలగడకింద దాచినాడు. కప్పుకొన్నాడని వ్రాస్తే బాగుండును గాని, వాడు చేసినది దాచడమే.

జత సంగతి యిక్కడ చెప్పాలి. లండనులో పిల్లల వైద్యుడూ మనోవైద్యుడూ అయిన వినికాట్ 1951లోనే యీ చిన్ననాటి గుడ్డను గురించి ఒక వ్యాసం చదివినాడు. పిల్లలు యేదో ఒక గుడ్డను తమదిగా పట్టుకొని దాని అండతో తల్లి చాటునుంచి లోకంలోకి అడుగు పెడతారనీ, తల్లులు ఆ గుడ్డ మాసినా వాసన కొట్టినా త్వరపడి వుతకరనీ ఆయన గమనించినాడు. వుతికితే వాసన పోతుంది, వాసనతో ఆ తోడు తెగుతుంది. కాని ఆస్పత్రిలో వుతకక తప్పదు. అందుకే ఒకే గుడ్డతో రెండు. ఒకటి చాకిరేవుకు పోయినప్పుడు ఒకటి చేతిలో వుంటుంది. చికిత్స మొదటి రోజునే యిస్తే మేలని కూడ అక్కడివారు చెప్పినారు. అప్పుడు ఆ కొత్తగుడ్డకు పిల్లవాని వాసన పట్టుతుంది. అమ్మమ్మ చీర లేని లోటు ఆ విధంగా కొంత తీరుతుంది.

రక్తకాన్సరు చికిత్స రెండు మూడేండ్లు సాగుతుంది. ఈ వ్యాధికి మందు వెదకిన చరిత్రలో మన తెలుగువాడొకరు వున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో తమ ప్రయోగశాలలో తయారుచేయించిన మందునే బోస్టనులో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చి చూచినాడు. 1948లో ప్రకటించిన ఫలితంలో 16మంది పిల్లలలో 10మందికి గుణం కనిపించినది. అది కొద్ది నెలలే నిలిచినది, కాని అంతవరకు ఆ మాత్రమైనా లేదు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ మందు నేటికీ పిల్లలకు యిస్తున్నారు. నేడు సంపన్న దేశాలలో కాన్సరు వచ్చిన పిల్లలలో నూటికి 80మందికి పైగా బతుకుతున్నారు. అనేక బీదదేశాలలో ఆ సంఖ్య 30కి కూడ చేరడం లేదు. కారణాలలో ఒకటి, డబ్బు చాలకనో, ఉండ చోటు లేకనో చికిత్స మధ్యలో వదలి వూరికి వెళ్ళిపోవడం. కనుక మా అన్నగారి మాట మళ్ళీ జ్ఞాపకం చేస్తున్నాము. ముందు మందు, అన్నము, వసతి. వాటి తర్వాతనే బొంత.

కాని పిల్లలందరూ బాగుపడి వెళ్ళరు. అటువంటప్పుడు బొంత యేమవుతుందని మాలో ఒకరు మెల్లగా అడిగినారు. తల్లులు దానిని వెంట తీసుకొని వెళతారని నిర్వాహకురాలు చెప్పినది. వుతికి యివ్వమంటారా అని ఆమె అడిగితే, వద్దంటారట.

మా పద్మశాలీలకు మూలపురుషుడు మార్కండేయుడు. పదహారేండ్లకే ఆయువు తీరుతుందని తెలిసి, శివలింగాన్ని కౌగిలించుకొని విడువని బాలుడు. షోలాపురంలో యేటా శ్రావణ పూర్ణిమకు ఆయన రథం కదులుతుంది. మా సావడి స్త్రీలు తిరిగి వచ్చిన మమ్ములను అడిగినది మాత్రం కొలతలు సరిపోయినాయా, రంగు దిగినదా, యింకెన్ని కావాలి అనే. వసతిగృహం వారు మరి 20 జతలు అడిగినారు. ముదురురంగులు తగ్గించి, లేతపసుపు, ఆకుపచ్చ యెక్కువ పంపమన్నారు.

బళ్ళారిలోనో బరంపురంలోనో మదరాసులోనో వున్న మన సోదరీమణులు యీ పని తలపెట్టదలిస్తే, మొదట మీ వూరి ఆస్పత్రివారిని అడిగి వారి నియమాలు తెలుసుకొనండి. ఒక్కొక్కచోట ఒక్కొక్క పద్ధతి వుంటుంది. తర్వాత గుడ్డ కొనండి. బొంత మూలన ఆస్పత్రి పేరు గాని, సంఘం పేరు గాని, మీ పేరు గాని కుట్టవద్దు. ఆ మూల ఖాళీగా వుంచండి. పిల్లవాడు కోరితే వాని పేరు అక్కడ కుట్టుకొంటాడు.