తూటా చిక్కుకుంటే

మా తమ్ముడి కూతురు పుణేలో పిస్తోలు పోటీలకు సాధన చేస్తున్నది. 2012 లండన్ ఒలింపిక్సులో విజయ్ కుమార్‌కు వెండి పతకం తెచ్చిన పోటీలో వాడేదీ ఈ 0.22 అంగుళాల తూటాయే. చూడబోతే చిటికెన వేలి కణుపంత. పేచీ మాత్రం కొండంత!

దాని ఇత్తడి గొట్టం అడుగున చుట్టూ వెడల్పయిన అంచు ఉంటుంది. నిప్పు రగిల్చే మందు ఆ అంచులోనే. మేగజీనులో పై తూటా అంచు కిందిదాని అంచుకు ముందుండాలి. వెనకపడిందా, రెండూ పెనవేసుకుని కదలవు. అందుకే పిల్ల ఒక్కొక్కటే అమర్చి వేలితో తడిమి చూసుకుంటుంది. సీసపు గుండుకు పూసిన మైనం మసితో కలిసి జిడ్డు కట్టినా తంటాయే. పైగా ఒక పిస్తోలుకు నప్పిన తూటా మరొకదానికి గిట్టదట, అత్తాకోడళ్ల సంగతిలాగ.

మొన్నటి పోటీలో, మూడు సెకనుల్లో కాల్చవలసిన వంతులో, తూటా చిక్కుకుంది. తనే స్లైడు లాగి సరిచేసుకుంటే నిబంధన ప్రకారం ఆ గుండు సున్నాయే. పదహారేళ్ల పిల్ల, పిస్తోలు గురివైపే ఉంచి, రెండో చెయ్యి ఎత్తి కదలక నిలుచుంది. పతకాలకన్న ఆ నిలకడే నాకు ముద్దొచ్చింది. మా తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. అధికారి వచ్చి పరీక్షించి, మిగిలిన గుండ్లు కాల్చనిచ్చారు. పతకం రాలేదు. ఇంటికి రాగానే, “అత్తా, ఆకలి!” అంది.