కొల్లేటి లంకలో రెండు రోజులు

సంక్రాంతి సెలవులకు పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళాలనే ప్రశ్న దెందులూరులో మా యింట క్రిస్మస్ ఆరాధన ముగిసిన నాటినుండే మొదలైంది. పిల్లలు కోరినది హైదరాబాదు. రామోజీ ఫిలింసిటీ చూడాలి, వండర్‌లాలో నీళ్ళ జారుడుబల్లలు ఎక్కాలి. తోటి పిల్లలు వెళ్ళివచ్చి చెప్పే కబుర్లు విన్నాక అలా అడగడంలో తప్పులేదు. కాని మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, ఎనిమిది మందికి టిక్కెట్లు, బస, పండుగ రైళ్ళలో తొక్కిసలాట! డబ్బు ఎలాగో సర్దుకునేవాళ్ళమే. మోకాళ్ళ నొప్పులతో ఉన్న అమ్మ మాత్రం "మీరు వెళ్ళిరండర్రా, గేదెలను నేను చూసుకుంటాను" అన్నది. ఏడాది పొడుగునా ఇల్లు కనిపెట్టుకుని ఉండే మనిషిని సెలవుల్లో కూడా కాపలా పెట్టి వెళ్ళడం మాకు మనస్కరించలేదు.

ద్వీపాలలో విశ్రాంతి అంటూ పత్రికలలో అండమాను, లక్షద్వీపాల బొమ్మలు వేస్తుంటారు. ద్వీపమంటే మన మాటలో లంకే గదా! కొల్లేటి లంకలలో ఒకదానిలో మా మేనత్తగారి కుటుంబం ఉన్నది. గేదెలను పక్కింటివారికి అప్పగించి, అమ్మతో సహా అందరం బయలుదేరాము.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు పట్టుకుంటే కొంతసేపటికి వరిచేలు వెనకబడి చేపల చెరువులు మొదలౌతాయి. పెదయెడ్లగాడి వంతెన దగ్గర బండి ఆపి, ఇదే కొల్లేరని పిల్లలకు చూపించాము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి ఇందులో కలుస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు చివరకు వచ్చిపడింది కూడా ఇక్కడికే.

కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖవారి పడవ ఎక్కాము. నీటిలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉన్నవి. ముక్కుకింది సంచిలోకి తల దూర్చి పిల్లలు మేత తింటుంటే తల్లి కదలకుండా నిలబడి ఉన్నది. చలికాలంలో ఉత్తర ఆసియా దేశాలనుండి బాతులు కూడా వస్తాయి. "గట్టిగా మాట్లాడకండి బాబూ, పిట్టలు లేచిపోతాయి" అన్నాడు పడవవాడు. నోరు మూసుకోమంటే ఇంట్లో వినని మా పిల్లలు అరగంటసేపు గుసగుసలతోనే గడిపారు.

లంకలో చూడవలసినవంటూ ఏమీ లేవు. మా మామయ్యగారు తెల్లవారుజామున గెడ వేసి దోనె నడుపుతూ, గుర్రపుడెక్క పక్కకు తోసుకుంటూ మావులు ఎత్తడానికి వెళితే పెద్దపిల్లలు వెంట వెళ్ళారు. కొర్రమీను పడిన రోజు పండుగే, లేనినాడు మట్టగిడసలతో సరి. మధ్యాహ్నం అమ్మా మేనత్తా అరుగుమీద కూర్చుని పాతకాలపు ముచ్చట్లు చెప్పుకున్నారు. అమ్మ చిన్ననాటి సంగతులు ఎన్నో మేము మొదటిసారి విన్నాము. చుట్టూ నీరే అయినా తాగేనీరు డబ్బాలలో రావాలని తెలిసి మా చిన్నది ఆశ్చర్యపోయింది. మనకు విశ్రాంతి దొరికిన చోట వారికి మాత్రం రోజూ పనే.

రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మామయ్యగారు సరస్సు సంగతులు చెప్పారు. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో సరస్సు గర్భంలోని చేపల చెరువుల గట్లను కొట్టివేశారు. "గట్లు తెగ్గొట్టిననాడు మా కూలి పోయింది. కొట్టకపోతే కొల్లేరే పోయేది. ఏది తప్పనాలి చెప్పండి?" అన్నారు. మేము జవాబు చెప్పలేకపోయాము. కొక్కిరాయిలంక అనే పేరు వింటేనే కొక్కెర గుర్తుకు వస్తుంది. పక్షులను, మనుషులను కలిపి తలచుకున్న పేర్లు ఇక్కడివి.

మార్కు సువార్త 6వ అధ్యాయంలో, వచ్చేపోయేవారి రద్దీవలన భోజనానికైనా తీరికలేని శిష్యులను ప్రభువు విశ్రాంతికి పిలిచినది పడవమీద ఏకాంత స్థలానికే. జనం కాలినడకన వారికంటె ముందే ఆ ఒడ్డుకు చేరుకున్నారు గనుక, వారికి దొరికిన విశ్రాంతి పడవలో ఉన్నంతసేపే అయివుంటుందని మాకు అనిపిస్తుంది. ఆదివారం లంకలోని చిన్న మందిరంలో కూడుకున్నప్పుడు ఆ భాగమే చదువుకున్నాము. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎక్కడికీ పోలేదు. కాని మనుమలు ఇద్దరూ చెరొక చెయ్యి పట్టుకుని దోనె ఎక్కించగా నీళ్ళమీద ఒక చుట్టు తిరిగివచ్చింది.

వెళ్ళదలచినవారు అక్టోబరు, మార్చి నెలల మధ్య వెళ్ళడం మంచిది. ఏలూరునుండి కైకలూరుకు బస్సులున్నవి. ఎండ ముదరకముందే ఆటపాక చేరుకుంటే పక్షులు బాగా కనబడతాయి. లంకలలో హోటళ్ళను నమ్ముకోకండి, తెలిసినవారి ఇంటనే దిగాలి. బియ్యం, కూరగాయలు, తాగేనీళ్ళు మనమే పట్టుకువెళితే ఆ ఇంటివారికి భారం ఉండదు. చేపలు మాత్రం వారే పెడతారు, వద్దన్నా వినరు.