అరకు వెళ్ళొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పారా?

మా గోపాలపట్నంలో డిసెంబరు వచ్చిందని తెలుసుకోవడానికి కేలండరు చూడనక్కర్లేదు. నాలుగిళ్ళకొకటి చొప్పున అమెరికా మనవలు దిగుతారు. చికాగోలో వాకిట్లో మంచు పారతో తోడి వచ్చిన పిల్లలకి మన విశాఖపట్నం చలి ఒక చలే కాదు. పగలు 28 డిగ్రీలు, రాత్రి ఏ 18 డిగ్రీలో వుంటుంది. వాళ్ళు చేతుల్లేని బనీన్లతో వీధిలో గెంతుతూంటే, తాతగార్లు శాలువాలు కప్పుకుని "ఒరేయ్, మంచు పడుతోంది, లోపలికి రండర్రా" అని కేకలు వేస్తూంటారు.

వాళ్ళు వచ్చిన వారంలోగా అరకు ప్రయాణం కట్టడం ఖాయం. ఆ ముందురోజు నా దగ్గరికి వస్తారు. "డాక్టరు గారూ, పిల్లాడికి మంచు పడదేమో, ముందుగానే దగ్గు మందేదైనా రాసివ్వండి" అంటారు. మంచు గురించి అడిగినవాళ్ళు వందలమంది. దోమ గురించి అడిగినవాళ్ళని ఇన్నేళ్ళ సర్వీసులోనూ వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

వాళ్ళ సంగతెందుకు? నా సంగతే చెబుతాను. మా వీధి చివర పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మూడేళ్ళ క్రితం ఆయన కూతురు, అల్లుడు, తొమ్మిదేళ్ళ మనవడు అమెరికా నుంచి వచ్చారు. అందరూ కలిసి అరకు బయల్దేరుతూంటే నేను గేటు దగ్గర నిలబడి పేపరు చదువుతున్నాను. "మంకీ క్యాపులు పెట్టుకున్నారా?" అని అడిగాను. "రెండేసి పెట్టానండీ" అన్నారాయన. కారు వెళ్ళిపోయింది. డాక్టరునై వుండీ నేను చెప్పిన జాగ్రత్త అదొక్కటే.

వాళ్ళు రెండు రాత్రులు వాగు పక్కన గుడారంలో పడుకున్నారు. నెగడు వేసుకున్నారు, థింసా చూశారు, బొంగులో చికెన్ తిన్నారు. పిల్లాడికి తుమ్ము కూడా రాలేదు. జనవరి మొదట్లో తిరిగి వెళ్ళిపోయారు.

భోగినాడు తెల్లవారుజామున వీధిలో మంట వేస్తూండగా ఆ పెద్దాయన చేతిలో ఫోను పట్టుకుని పరుగున వచ్చారు. అవతల కూతురు ఏడుస్తోంది. పిల్లాడికి ఐదురోజులుగా జ్వరం. ఫ్లూ అన్నారు. పరీక్షలో ఫ్లూ లేదని తేలింది. ఇంకేదో వైరస్ అయివుంటుంది, తగ్గుతుంది అన్నారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వణుకుతో వస్తోంది. ఆవేళ కళ్ళు పచ్చబడ్డాయి, పిలిస్తే సరిగ్గా పలకడం లేదు.

"అరకు వెళ్ళొచ్చిన సంగతి అక్కడి డాక్టరుకి చెప్పావా అమ్మా?" అన్నాను.

"ఆయన అడగలేదు అంకుల్. నాకూ తోచలేదు."

"ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. అరకు అంటే వాళ్ళకి తెలియకపోవచ్చు. 'మలేరియా వుండే అడవి ప్రాంతంలో రెండు రాత్రులు పడుకున్నాడు, వెంటనే మలేరియాకి రక్తం పరీక్ష చెయ్యండి' అని చెప్పు. ఈ ముక్క రాసుకో."

ఒక గంటలో తేలిపోయింది. ఫాల్సిపారం మలేరియా. పిల్లాడు నాలుగు రోజులు అత్యవసర విభాగంలో వుండి బయటపడ్డాడు. ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను ఆ తల్లికి చెప్పలేదు. ఇక్కడ మాత్రం చెబుతాను. ఫాల్సిపారం క్రిములున్న ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాల గోడలకి అతుక్కుపోతాయి. మెదడులో అలా జరిగితే స్పృహ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. మొదటి రెండురోజుల్లో మాత్రలతో పోయే జబ్బు, వారం దాటితే ప్రాణం మీదికి రావచ్చు.

దోమకూ మలేరియాకూ వున్న చుట్టరికాన్ని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. అయినా "మంచులో తిరిగితే చలిజ్వరం" అనే మాట మనలో పోలేదు. మంచు వల్ల మలేరియా రాదు. కొండవాగుల అంచున, నెమ్మదిగా పారే తేటనీటిలో పెరిగే ఎనాఫిలిస్ దోమ జాతి ఒకటుంది. పేరు ఫ్లూవియాటిలిస్. మురుగు వుంటేనే దోమ వుంటుందని మనం అనుకుంటాం. ఈ దోమకి మురుగు అక్కర్లేదు, మనం ఫొటోలు తీసుకునే వాగే చాలు. వానలు వెనకబట్టాక, సరిగ్గా యాత్రికులు వెళ్ళే రోజుల్లోనే దానికి అనువు. కుట్టేది రాత్రిపూట. కుట్టేటప్పుడు పెద్దగా రొద చెయ్యదు, దద్దురు కూడా లేవకపోవచ్చు. అందుకే "దోమలేమీ లేవండీ" అని తిరిగొస్తారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఏజెన్సీలో పనిచేశాను. ఆనాటితో పోలిస్తే ఇప్పుడు మన్యంలో మలేరియా బాగా తగ్గింది. మందు చల్లడం, మందు పట్టించిన దోమతెరలు పంచడం, ఊళ్ళో ఆశా కార్యకర్త దగ్గరే రక్తపరీక్ష దొరకడం ఇందుకు కారణాలు. తగ్గింది గాని పోలేదు. అక్కడే పుట్టి పెరిగినవారికి పదేపదే జ్వరం వచ్చి కొంత తట్టుకునే శక్తి వుంటుంది. పల్లం నుంచి వెళ్ళే మనకి అది లేదు. అమెరికా అల్లుళ్ళు "మేము ఇక్కడే పుట్టాం, మాకేం కాదు" అంటూంటారు. ఆ శక్తి చిన్నప్పుడు కాస్తో కూస్తో వున్నా, దేశం విడిచిన కొన్నేళ్ళలో కరిగిపోతుంది. చలవ కళ్ళద్దాలు పెట్టుకుని హోటల్లో దిగే దొరకంటే, చుట్టాలింటికి వచ్చే మనవాడికే మలేరియా ఎక్కువగా వస్తోందని విదేశీ వైద్యులు ఎప్పుడో గమనించారు. దొర జాగ్రత్తలు తీసుకుంటాడు, మనవాడు తీసుకోడు. అంతే తేడా.

పై దేశాల నుంచి వచ్చేవారు అక్కడ విమానం ఎక్కకముందే తమ డాక్టరుతో మాట్లాడి మలేరియా రాకుండా వాడే మాత్రలు తెచ్చుకోవాలి. కొన్ని ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి. తిరిగి వెళ్ళాక కూడా చెప్పినన్నాళ్ళు మింగాలి. ఇక్కడివారైనా అక్కడివారైనా సాయంత్రం కాగానే నిండు చేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్టలు వేసుకుని, ఒంటికి దోమల మందు పూసుకుని, దోమతెరలో పడుకోవాలి. గదిలో తెర కట్టడానికి మేకుండదు. గొడుగులా మడిచే తెరలు బజార్లో దొరుకుతున్నాయి, వెంట తీసుకెళ్ళండి. పోయినసారి మిగిలిన క్లోరోక్విన్ మాత్రలు మాత్రం మీకు మీరే మింగకండి. ఫాల్సిపారం వాటికి చాలాచోట్ల లొంగడం మానేసింది. పైగా జ్వరం సగం అణిగి పరీక్షలో దొరకకుండా పోవచ్చు.

పొదల్లో వుండే కంటికి కనబడనంత పురుగు వల్ల వచ్చే జ్వరం ఇంకొకటి వుంది. స్క్రబ్ టైఫస్ అంటారు. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పక్కు కడుతుంది. అది చంకలోనో గజ్జల్లోనో నడుం దగ్గరో దాగి వుంటుంది, నొప్పి వుండదు. అందుచేత రోగి చెప్పడు, చొక్కా విప్పి చూడకపోతే డాక్టరుకీ తెలియదు. వలిసె పూల చేలల్లో ఫొటోలకని గడ్డిలో దొర్లేవాళ్ళు, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి ఆ బట్టలు వేడినీళ్ళలో వెయ్యండి.

ఇదంతా చదివి ప్రయాణం మానుకోకండి. నేనూ ఏడాదికోసారి వెడుతూనే వున్నాను. సింహాచలం రైల్వే స్టేషను వున్నది మా గోపాలపట్నంలోనే. కిరండూల్ రైలు ఆ దారినే కొత్తవలస వెళ్ళి కొండ ఎక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకి పంపడానికి 1960 దశకంలో వేసిన దారి అది. ఒక సొరంగం దాటగానే ఇంకో సొరంగం. రోడ్డు ఘాటీ మలుపుల్లో వాంతులయ్యేవారికి నేను చెప్పేది ఈ రైలే. రోడ్డు మీదే వెళ్ళాలంటే, వాంతుల మాత్ర బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. వాంతి వచ్చాక వేసుకుంటే అదీ వాంతిలోనే పోతుంది. నిద్రమత్తు వస్తుంది గనక కారు నడిపేవారు వేసుకోరాదు. చిన్నపిల్లలకి డాక్టరునడక్కుండా ఇవ్వరాదు. ముందు సీట్లో కూర్చుని దూరంగా చూడాలి, ఫోనులోకి కాదు. పెసరట్టు ఉప్మా దండిగా పట్టించి కారెక్కేవాళ్ళకి నా దగ్గర మందు లేదు.

ఆడవాళ్ళతో ఒక మాట. ప్రయాణమంటే పొద్దుటినుంచి మంచినీళ్ళు ముట్టరు. దారిలో మరుగుదొడ్డి వుండదని భయం. సంక్రాంతి ముందు మూత్రంలో మంట, చలి, జ్వరం అంటూ వచ్చేవారిలో చాలామందిది ఈ కథే. తప్పు వాళ్ళది కాదు. ఇంతమంది యాత్రికులు తిరిగే దారిలో శుభ్రమైన మరుగుదొడ్లు తగినన్ని కట్టనివాళ్ళది. కట్టేదాకా మాత్రం, పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా కారు ఆపించండి, సిగ్గుపడకండి. నీళ్ళు తాగండి.

సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. చింతపల్లి దగ్గర లంబసింగి దాదాపు అంత ఎత్తున వుంది. అందులోనూ లోయ గనక రాత్రివేళ చల్లగాలి అక్కడే పేరుకుంటుంది. ఆ చలికి యాత్రికులు చేసే పని తలుచుకుంటే నాకు భయం. బయట వేసుకున్న నెగళ్ళోంచి నిప్పులు కుంపట్లోకి ఎత్తి, గదిలోనో గుడారంలోనో పెట్టుకుని, తలుపు బిడాయించి పడుకుంటారు. బొగ్గులు సరిగా గాలి ఆడకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ప్రాణవాయువు వుండాల్సిన చోటును అది ఆక్రమించుకుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్ళు లాగేసినట్టుండడం, ఆ తర్వాత మగత. నిద్రలో వున్నవాడికి ఆ మగత తెలియదు. ఒక గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి అంటే జలుబు అనుకోకండి. అందరినీ బయటకి లాగండి, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించండి. కుంపటి గది బయటే వుండాలి, లోపల రెండు దుప్పట్లు ఎక్కువ కప్పుకోండి.

ఉబ్బసం వున్నవారు పీల్చే మందు సూట్‌కేసులో కాక జేబులో పెట్టుకోవాలి. బొర్రా గుహల్లో దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కాలి. మెట్లు తడిగా వుంటాయి. ఈ మధ్యనే గుండెనొప్పి వచ్చినవారు పైనుంచి చూసి సంతోషించడం మేలు. సింహాచలం మెట్లు వెయ్యికి పైనే. ధనుర్మాసంలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసి, పంచదార జబ్బు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా ఎక్కేవారుంటారు. చెమట పట్టి కళ్ళు తిరిగి కూలబడితే అది దేవుడి మహిమ కాదు, రక్తంలో చక్కెర పడిపోవడం. ఉపవాసం వుండే రోజున మాత్ర ఎప్పుడు, ఎంత అనేది ముందే డాక్టరునడగండి. జేబులో పటికబెల్లం ముక్క వుంచుకోండి.

కొండ దిగి వచ్చాక పిల్లలు సముద్రం అంటారు. రామకృష్ణా బీచిలో స్నానానికి దించకండి. అక్కడ ఒడ్డు మెట్టులా దిగిపోతుంది. మోకాలి లోతనుకున్న చోట ఒక్క అల వెనక్కి పోయేసరికి కాళ్ళ కింద ఇసక వుండదు. ఒడ్డుకొచ్చిన నీరంతా ఒక ఇరుకుదారిన వెనక్కి లాగుతుంది. ఆ దారిలో అలలు విరగవు. చూడ్డానికి నెమ్మదిగా కనిపిస్తుంది. "ఇక్కడ అలలు లేవురా" అని కుర్రాళ్ళు దిగేది సరిగ్గా అక్కడే. ఆ లాగుడులో పడ్డవాడు ఒడ్డుకేసి ఈదితే అలిసి మునుగుతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తప్పాక ఒడ్డుకి రావాలి. రుషికొండ అయినా కాపలావాళ్ళు వున్నచోటే, వాళ్ళు ఊదిన ఈల వింటూ దిగాలి. తాగి అసలు దిగకూడదు. బయటికి తీసినవాణ్ణి తలకిందులు చేసి పొట్ట నొక్కడం దండగ. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊపిరూది, రొమ్ము నొక్కుతూ, ఇంకొకరిచేత 108కి ఫోను చేయించాలి.

ఇంటికి వచ్చాక, అరకు గాని లంబసింగి గాని పాడేరు గాని వెళ్ళొచ్చిన తేదీ గోడ కేలండరు మీద రాసి పెట్టండి. సాధారణంగా వారం నుంచి నెలలోపు జ్వరం బయటపడుతుంది. వైవాక్స్ అనే రకం మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా లేవగలదు. ఆ వ్యవధిలో జ్వరం వస్తే, డాక్టరు ఏమిటని అడక్కముందే "ఫలానా తేదీన ఏజెన్సీలో పడుకున్నాను" అని చెప్పండి. మలేరియాకి రక్తపరీక్ష ఆ రోజే చేయించుకోండి. మొదటిసారి లేదన్నా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించుకోండి. ఒంటిమీద నల్లపక్కు వుందేమో వెతికి చూపించండి.

ఆ పిల్లాడు ఈ డిసెంబరులో మళ్ళీ వస్తున్నాడట. పెద్దాయన మొన్న సాయంత్రం కొత్త దోమతెర కొని, మా వరండాలో విప్పి, అందులో తనే దూరి చూపించారు. "ఇదేనా అండీ మీరు చెప్పింది?" అన్నారు. అదే అన్నాను. కూతురు మాత్రల సంగతి అక్కడి డాక్టరుతో మాట్లాడిందో లేదో ఆ రాత్రే ఫోను చేసి కనుక్కోమన్నాను. మంకీ క్యాపులు కూడా కొన్నారు, మళ్ళీ రెండేసి.