కారుతున్న ట్యాంకు



మన సంఘాల్లో కట్టె కోసి బతికే కుటుంబాలున్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తుమ్మ కొట్టాలన్నా, జామాయిల్ తోట కోయాలన్నా ఇప్పుడు గొడ్డలి ఎవరూ పట్టడం లేదు. రంపం మిషనే. చాలా మిషన్లలో వెనక పిడి దగ్గరే ప్లాస్టిక్ పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ట్రాక్టరులో ఎగిరెగిరి, రాయి మీద పడి, ఏదో ఒక రోజు అది చిట్లుతుంది. అప్పుడు పైన ఎంసీల్ ముద్ద అద్ది మళ్లీ పనికి పోతారు. "ఆగితే కూలి పోతది కదా అయ్యగారూ" అంటారు. ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోదు, కిందికి దిగి పాకుతుంది. కారిన పెట్రోలు ప్యాంటుకు, చొక్కాకు పడుతుంది. అక్కడికి జానెడు దూరంలోనే సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. మిషన్ ఏమో మనిషి ఒంటికి ఆనుకొని ఉంటుంది. నిప్పు అంటుకుంటే పారేసి ఉరికే సమయం కూడా దొరకదు.

కాబట్టి కారడం కనబడగానే మిషన్ ఆపాలి. పూర్తిగా చల్లారాక, ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా పెట్రోలు డబ్బాలోకి వంచుకోవాలి. తర్వాత కారుతున్న చోటు వెతకాలి. చుక్క రాలే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి. మూత రబ్బరు అరిగినా, పెట్రోలు పైపు ట్యాంకులోకి దిగే దగ్గర రబ్బరు బుష్ గట్టిపడినా, చూసేవాళ్లకు ట్యాంకే పగిలినట్టు ఉంటుంది. బయట పొడిగా తుడిచి కాస్త పౌడరు చల్లి, కొంచెం పెట్రోలు పోసి అటూ ఇటూ వంచి చూస్తే తడి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. చాలాసార్లు చిన్న రబ్బరు మారిస్తే పని అయిపోతుంది.

నిజంగా ట్యాంకే చిట్లితే? ఖాళీ చేశాం కదా అనుకోవద్దు. ఖాళీ ట్యాంకులో గాలీ ఆవిరీ కలిసి ఉంటాయి. ఒక్కోసారి నిండు ట్యాంకుకంటే అదే ఎక్కువ ప్రమాదం. మిషన్ నుంచి విప్పి, గోరువెచ్చని సబ్బునీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా మూత తీసి ఆరబెట్టాలి. పెట్రోలులో టూ-టీ ఆయిల్ కలుపుతాం కాబట్టి ప్లాస్టిక్‌కు జిడ్డు పట్టి ఉంటుంది. ఆ జిడ్డు మీద ఏ మందూ పట్టదు.

ట్యాంకు అడుగున అక్షరాలుంటే చూడండి. పీఏ అని ఉంటే నైలాన్. పగులు రెండు కొసల్లో సన్నని రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. గరుకు కాగితంతో బాగా రుద్ది, పెట్రోలుకు తట్టుకునే ఎపాక్సీ పట్టించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. పీఈ అని ఉంటే అది పాలిథిన్. దానికి మామూలు జిగురు అంటుకోదు. తప్పు మందుది కాదు, ఆ ప్లాస్టిక్ గుణమే అంత. అదే రకం ప్లాస్టిక్‌తో వేడి చేసి అతికించడం పని తెలిసినవాళ్లే చేయాలి. పిడి బరువు మోసే చోట పగిలితే అతుకు పెట్టవద్దు. ట్యాంకు మార్చడమే మంచిది.

అతికించాక కొంచెం పెట్రోలు పోసి, ఆరుబయట పాత పేపరు మీద ఒక రాత్రి ఉంచండి. తెల్లారి పేపరు మీద మరక లేకపోతేనే పనికి తీసుకెళ్లండి.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కట్టకు బుంగ పడితే బయటినుంచి నాలుగు తట్టల మట్టి పోస్తే ఆగుతుందా? నీళ్లు ఆపి, గట్టి మట్టి తగిలేదాకా తవ్వి, పొరలు పొరలుగా నింపి గట్టిపరచాలి. 2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలంలో అదే కాలువకు గండి పడినప్పుడు నీళ్ల బలం ఎంతో మన జిల్లా అంతా చూసింది.

ప్రియులారా, యిర్మీయా గ్రంథం 6వ అధ్యాయంలో ప్రవక్త దుఃఖం ఇదే. జనుల గాయం లోతుగా ఉంటే, పైపైన కట్టు కట్టి అంతా బాగానే ఉందన్నారు నాయకులు. ఇంట్లో మాటలు లేవు, అప్పు పెరుగుతోంది, తాగుడు మానలేదు. అయినా ఆదివారం ఎవరైనా అడిగితే "బాగున్నామండి" అంటాం. అది కూడా జిడ్డు మీద పెట్టిన ముద్దే. కడగనిదే అతుకు నిలవదు. కడగాలంటే ముందు పని ఆపాలి, ట్యాంకు విప్పాలి, లోపల ఉన్నది బయటికి రావాలి.

ఆపడమే కష్టమని నాకు తెలుసు. కడిగి ఆరబెట్టి అతికించడానికి మూడు రోజులు పడుతుంది. మూడు రోజుల కూలి అంటే ఇంట్లో బియ్యం. అందుకే సంఘానికి ఒక మనవి. ఒకరి భారం ఒకరు మోయమని గలతీయులకు రాసిన పత్రిక చెబుతోంది కదా. మిషన్ బాగయ్యేదాకా ఆ ఇంటికి బియ్యం చేరాలి. మిషన్ ఉన్న ఇంకో సహోదరుడు ఆయనను తన జతగా పనికి తీసుకెళ్లాలి. కట్టె కోసే సహోదరులారా, ట్యాంకు కారుతుంటే దాచవద్దు. సిగ్గుపడకుండా నాకు చెప్పండి. పెద్దలకైనా చెప్పండి.

దేవుడు మీ చేతి పనిని కాపాడి దీవించును గాక. ఆమేన్.