ఎర్రపాము తోకన మా ఇల్లు

మేముండే శాండీ ఊరు అమెరికాలో యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ సిటీకి దక్షిణాన ఉంది. చలికాలంలో ఇక్కడ వానొచ్చిందా, ఎండొచ్చిందా అని ఎవరూ అడగరు. "పైన ఎన్ని అంగుళాలట?" అని అడుగుతారు. పైన అంటే కొండమీద, అంగుళాలంటే రాత్రి కురిసిన మంచు. కూరగాయల కొట్టులో బిల్లు వేసే అమ్మాయి అడుగుతుంది, పళ్ళ డాక్టరు నోట్లో పరికరం పెట్టి మరీ అడుగుతాడు. జవాబు చెప్పే వీలు లేదని ఆయనకీ తెలుసు.

ఆ కొండల మధ్య లోయ పేరు లిటిల్ కాటన్‌వుడ్ క్యాన్యన్. దాని పక్కనే బిగ్ కాటన్‌వుడ్ అని అక్కగారు కూడా ఉంది గానీ, మా ఇంటికి దగ్గర చెల్లెలే. లోయ మొదలు నుంచి చివరిదాకా దారి ఎనిమిది మైళ్ళు. పైన రెండు స్కీ రిసార్టులు: 1939లో మొదటి లిఫ్ట్ నడిపిన ఆల్టా, 1971లో తెరిచిన స్నోబర్డ్. ఆల్టా అంతకుముందు వెండి గనుల ఊరు. సాల్ట్ లేక్ సిటీ నడిబొడ్డున మోర్మన్ల పెద్ద గుడి ఉంది చూశారూ, దాని రాళ్ళు ఈ లోయ ముఖద్వారం దగ్గర కొట్టి ఎడ్లబళ్ళమీద, ఆ తర్వాత రైళ్ళమీద తీసుకెళ్ళినవే.

ఇక్కడి మంచుకి అంత పేరెందుకో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. మంచంటే మంచే కదా! మా అమ్మాయి చిన్ని ఒకరోజు వంటింట్లోకి వచ్చి రెండు గిన్నెలు చూపించింది. ఒకదాంట్లో దోశెలకి రుబ్బిన పిండి, ఒకదాంట్లో జల్లించిన పొడి బియ్యప్పిండి. "సముద్రం దగ్గరి కొండలమీద ఇలా ముద్దగా పడుతుందమ్మా, ఇక్కడ ఇలా పడుతుంది" అని బియ్యప్పిండి ఊదింది. పొయ్యిగట్టంతా తెల్లగా అయింది, అది వేరే సంగతి. ఇక్కడి మంచులో నీటి పాలు నూటికి సగటున ఎనిమిది చిల్లరేనట. పైగా ఒక గాలివాన వచ్చినప్పుడు ముందు కాస్త బరువు మంచు, దానిమీద తేలిక మంచు పడటం వల్ల కాళ్ళకింద పరుపులా ఉంటుందట. ఉప్పు సరస్సు వల్లే ఇదంతా అని ఊళ్ళో అందరూ అంటారు గానీ, మొత్తం మంచులో దాని వాటా చాలా తక్కువేనని వాతావరణం చదివినవాళ్ళు చెబుతారు. ఏడాదికి సగటున ఐదొందల అంగుళాలు, అంటే నాలుగంతస్తుల మేడంత. 2022-23 చలికాలంలో ఆల్టాలో 903 అంగుళాలు పడింది. మా పెరటి కంచె ఎక్కడుందో కనబడని ఏడాది అది.

ఇక అసలు కథ రోడ్డుది. మన తిరుమలకైనా ఎక్కడానికో ఘాట్ రోడ్డు, దిగడానికో ఘాట్ రోడ్డు ఉన్నాయి. ఇక్కడ ఎక్కడానికీ దిగడానికీ ఒకటే దారి, చాలామటుకు వెళ్ళే వరుస ఒకటి, వచ్చే వరుస ఒకటి. పైకి వెళ్ళాక అక్కడితో సరి, అవతలి పక్కకి దిగే దారి చలికాలంలో లేదు. ఆ ఎనిమిది మైళ్ళ దారి మీదికి కొండచరియల నుంచి మంచు జారిపడే చోట్లు అరవై నాలుగు. అందుకే బాగా కురిసిన రాత్రి తెల్లవారుజామున రోడ్డు మూసేసి, పేలుడు మందుతో మంచుని వాళ్ళే ముందుగా జారగొడతారు. మొన్నమొన్నటిదాకా సైన్యం వాడే ఫిరంగులతోనే కొట్టేవాళ్ళు. ఇప్పుడు వాటి బదులు కొండమీద స్తంభాలు పాతి, దూరం నుంచే మీట నొక్కి పేలుస్తున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడు పక్కమీద ఉండగానే "ఢామ్" అని వినబడుతుంది. మావారు అటునుంచి ఇటు తిరిగి, "ఎనిమిదిన్నర దాకా తెరవరు, పడుకో" అంటారు.

చిక్కంతా ఇక్కడే. ఏ మంచు జనాన్ని పైకి పిలుస్తుందో ఆ మంచే దారి మూసేస్తుంది. పది అంగుళాలు పడిందని ఫోన్లో చూడగానే ఈ లోయంతా లేచి ఒకేసారి బయల్దేరుతుంది. దారి తెరిచేదాకా ఊళ్ళో వీధుల్లో కార్లు వరుస కట్టి నిలబడతాయి. వాసాచ్ బులేవార్డ్ నిండిపోయి, 9400 సౌత్ వీధి నిండిపోయి, ఆ తోక మా సందు మొదట్లోకి వస్తుంది. తెల్లారీ తెల్లారని చీకట్లో ఆ బ్రేకు దీపాల వరుసకి ఇక్కడివాళ్ళు పెట్టిన పేరు ఎర్రపాము. శనివారం పొద్దున్న పాలు అయిపోయాయంటే మాకు కాఫీ లేనట్టే. అందుకే శుక్రవారం సాయంత్రమే రెండు గ్యాలన్లు తెచ్చి పెడతాను.

ఇదివరకు ఇంత లేదంటారు పాతవాళ్ళు. జనం పెరిగారు నిజమే. దానికితోడు ఒకే పాసుతో దేశంలోని ఎన్నో కొండలు తిరగొచ్చనే పథకాలు వచ్చాయి. ఎక్కడెక్కడివాళ్ళో విమానం దిగి గంటలోపు ఇక్కడుంటారు. పోనీ మనమేమన్నా ఇక్కడ పుట్టామా, మనమూ వచ్చినవాళ్ళమేగా, వాళ్ళని అనడానికి నాకు నోరు రాదు.

చిన్నికి పదిహేడు నిండాయి. స్కీయింగ్ అంటే ప్రాణం. ఆరో తరగతిలో స్నేహితురాళ్ళతో మొదలుపెట్టింది. మేమిద్దరం ఆ చెక్కలు కాళ్ళకి కట్టుకున్న పాపాన పోలేదు. ఇక్కడ పదహారేళ్ళకే లైసెన్సు ఇస్తారు గానీ, మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్ళని తప్ప ఇంకెవరినీ కారులో ఎక్కించుకోకూడదు. ఆ ఆరు నెలలూ నేను ప్రశాంతంగా నిద్రపోయాను. గడువు తీరిన వారమే వచ్చింది: "అమ్మా, ఈ శనివారం నేను డ్రైవ్ చేస్తా. ముగ్గురం వెళ్తాం."

ఆ వారమంతా మా ఇంట్లో అదే పంచాయితీ. మావారు దాని పక్షం. మంచు టైర్లు వేయించాం, నాలుగు చక్రాలూ లాగే బండి, మంచు రోజుల్లో అవి లేని కార్లని కొండ మొదట్లోనే వెనక్కి పంపేస్తారు కాబట్టి పైకి వెళ్ళేవన్నీ పనికొచ్చే బళ్ళే, పిల్ల జాగ్రత్తగా నడుపుతుంది... ఇలా వేళ్ళు మడిచి లెక్క చెప్పారు. ఆయన చెప్పినవేవీ అబద్ధాలు కావు. నా బాధ దాని డ్రైవింగు గురించి కాదు. సాయంత్రం నాలుగింటికి లిఫ్టులు ఆగగానే పైనున్నవాళ్ళంతా ఒకేసారి దిగుతారు. ఎక్కడో ఒక కారు జారి అడ్డం తిరుగుతుంది. ఎనిమిది మైళ్ళకి మూడు గంటలు పట్టిన రోజులున్నాయి. ఆ మూడు గంటలూ కారు నిలబడేది ఎక్కడ? ఆ అరవై నాలుగు చోట్లలో ఏదో ఒకదాని కింద. కదిలే బండి ఆ చోటు దాటిపోతుంది, నిలబడిన బండి అక్కడే ఉంటుంది. కొండ మూయాలా వద్దా అని తేల్చేవాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు, ఎప్పుడు మూయాలో వాళ్ళకి తెలుసు, ఒప్పుకుంటాను. కానీ ముగ్గురు పిల్లలు హీటరు వేసుకుని, పెట్రోలు ముల్లు చూసుకుంటూ, ఆ చీకట్లో ఆ చరియ కింద కూర్చోవడం నా కళ్ళకి కట్టింది.

"మంచు రోజున బస్సు. మామూలు రోజున కారు" అన్నాను. చిన్ని తలుపు గట్టిగా వేసుకుంది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నేనూ తగ్గలేదు.

బస్సు ఎక్కడం చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. హైలాండ్ డ్రైవ్ దగ్గర కార్లు పెట్టే స్థలంలో ఎక్కాలి. సీజన్ పాసు ఉంటే టికెట్టు అక్కర్లేదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ బరువు బూట్లు, కర్రలు, చెక్కలు మోసుకుంటూ చలిలో నిలబడితే నిండిన బస్సు ఆగకుండా వెళ్ళిపోతుంది. ఒక చలికాలం డ్రైవర్లు దొరకడం లేదని బస్సులు తగ్గించారు కూడా. పైగా బస్సూ అదే ఎర్రపాములో ఇరుక్కోవాల్సిందే, దానికి వేరే వరుసేం లేదు. చిన్ని అడిగే ప్రశ్న న్యాయమైనదే: "ఎలాగూ ట్రాఫిక్కే అయినప్పుడు కార్లో కూర్చుంటే ఏం?" కారు పైన పెట్టాలన్నా శని ఆదివారాలు పార్కింగు ముందే బుక్ చేసుకోవాలి, అది దొరికే లోపు తిరుపతి దర్శనం టికెట్టు దొరుకుతుందని నేనంటే దానికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో మాటలు కలిశాయి.

ఫిబ్రవరిలో ఒక శనివారం బస్సులోనే వెళ్ళారు ముగ్గురూ. మధ్యాహ్నానికి గంటకి రెండు మూడంగుళాల చొప్పున కురవడం మొదలైంది. మూడింటికి రోడ్డు మూసేశారు. నాలుగింటికి చిన్ని ఫోను: "అమ్మా, ఇంటర్‌లాడ్జ్ పెట్టారు." ఈ మాట మీకు కొత్త కావచ్చు. మంచు భవనాల మీదికే జారే ప్రమాదం ఉన్నప్పుడు, ఎవరు ఏ కప్పు కింద ఉన్నారో వాళ్ళు అక్కడే ఉండాలి, గుమ్మం దాటకూడదు. దాటితే నేరం. 2021 ఫిబ్రవరిలో ఇలా అరవై గంటలు ఉంచారు. ఆ అరవై నాకు బాగా గుర్తుంది, అందుకే ఆ ఫోను రాగానే కాళ్ళు చల్లబడ్డాయి.

"ఎక్కడున్నావ్? తిన్నావా? ఫోను ఛార్జింగు ఎంతుంది?"

"లాడ్జి హాల్లో. సూప్ ఇచ్చారు. పదకొండు శాతం. అమ్మా, ఐ యామ్ ఫైన్, ఇక్కడ వందమందిమి ఉన్నాం. రాత్రికి నేలమీద పడుకోమన్నారు, దుప్పట్లు ఇచ్చారు."

మావారు ఆ రాత్రి రోడ్డు కబురు చెప్పే పేజీ పది నిమిషాలకోసారి చూశారు. నేను చారు పెట్టి, తాలింపు వేసి, మూతపెట్టి కూర్చున్నాను. ఎవరు తింటారని పెట్టానో నాకే తెలీదు. మర్నాడు పదకొండింటికి తెరిచారు. మధ్యాహ్నం రెండింటికి బస్సు దిగి వచ్చి, చారన్నం మూడుసార్లు వడ్డించుకుని, "అమ్మా, తెల్లవారుజామున కిటికీలోంచి చూస్తే..." అని మొదలుపెట్టి, పళ్ళెంలో చెయ్యి ఎండిపోయేదాకా చెప్పింది. రాత్రి ఒక పెద్దావిడ వీళ్ళకి పేకాట నేర్పిందట. అప్పట్నుంచి దాని సంచిలో ఛార్జరు, పళ్ళ బ్రష్షు, ఒక పొట్లం అటుకుల చుడువా శాశ్వత నివాసులు.

ఈ రద్దీకి మందుగా 2023 జూలైలో రాష్ట్ర రవాణా శాఖ రోప్‌వే కడతామని తేల్చింది. లోయ మొదటి నుంచి ఆల్టా దాకా సుమారు ఎనిమిది మైళ్ళు తీగెమీద వెళ్ళే పెట్టెలు. ఖర్చు 728 మిలియన్ డాలర్లని అంచనా. ముందు దశలో బస్సులు పెంచి, రోడ్డుకి సుంకం పెడతారట. దానిమీద కోర్టుల్లో కేసులు పడ్డాయి. మా వీధిలో సగం ఇళ్ళముందు "వద్దు" అని బోర్డులు. మా ఇంట్లోనూ రెండు పక్షాలున్నాయి. రోడ్డు మీద మంచు పడినా తీగెకి ఏం కాదు కదా అని మావారు. అది రెండు రిసార్టుల ముందే ఆగుతుంది, మధ్యలో నడవడానికీ కొండలెక్కడానికీ వచ్చేవాళ్ళ సంగతేంటి అని చిన్ని. నా మట్టుకు నేను, పాలు పొంగుతుంటే ముందు మంట తగ్గిస్తాం గానీ పెద్ద గిన్నె కొనడానికి బజారుకి పరిగెత్తం అంటాను. ముందు ఆ బస్సులేవో సరిగ్గా నడిపి చూడండి. డ్రైవర్లకి మంచి జీతమివ్వండి. ఒక్కడే కూర్చుని వచ్చే కారు దగ్గర డబ్బులు తీసుకోండి. ఇంకో సంగతి, ఆ లోయలో పారే ఏరు మా నగరం తాగే నీళ్ళు. అందుకే అక్కడికి కుక్కని కూడా తీసుకెళ్ళనివ్వరు. కుక్కకే చోటులేని చోట ఇంకా ఎంతమందిని ఎక్కిద్దామని?

మొన్న మంగళవారం స్కూలుకి సెలవొచ్చింది. నాలుగు రోజులుగా మంచు లేదు, రోడ్డు పొడిగా ఉంది. ఒప్పందం ప్రకారం కారు రోజే. "నువ్వూ రా" అంది. కింద లోయంతా పొగమంచూ పొగా కలిసి మురికి దుప్పటిలా ఉంది, రెండు మలుపులు ఎక్కేసరికి నీలాకాశం. ముందొక కారు, వెనకొకటి. ఇరవై రెండు నిమిషాల్లో పైనున్నాం. అది లిఫ్టు ఎక్కిపోయింది, నేను ఎండలో బల్లమీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగాను. దిగేటప్పుడు పెద్ద వాలు రాగానే, నేను నోరు తెరవకముందే, గేరు తగ్గించింది.