తొమ్మిది బస్తాల నూలు

"మన పత్రికలో అందరూ రాస్తున్నరు, నువ్వు కూడ రాయి తాతా" అని మనవరాలు రోజూ పోరు పెడుతుంటే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న. నేను చదివింది తెలుగు బడిలో నాలుగో తరగతి దాకనే. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

మనవరాలు కంప్యూటర్ చదువు పూర్తి చేసింది. పుణెలో ఈఆర్పీ పెట్టే కంపెనీలో నౌకరి దొరికింది. "ఈఆర్పీ అంటే నీకేం ఎరుక తాతా?" అని నవ్వింది. నాకు ఎరుకైన కథ ఒక్కటే ఉన్నది. అందులో తప్పు నాదే.

షోలాపూర్‌ల మా మిల్లు మూతపడ్డంక నేను టెర్రీ టవల్ కార్ఖానాలో చేరిన. చివరి పదిహేనేండ్లు జాబర్‌గా చేసిన. ఇరవైనాలుగు సాంచాలు. ఏ సాంచాకు ఏ బీము ఎక్కింది, ఏ మాల్ నడుస్తున్నది, అంతా నా జేబులోని నోటుబుక్కులో రాసుకునేటోన్ని. స్టోరులో నూలు లెక్క మా గల్లీలోనే ఉండే బావ చూసేటోడు. ఇరవైరెండేండ్ల రిజిస్టర్లన్నీ ఆయన చేతిరాతే.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ప్రతి బిల్లుకు కోడ్ కావాలె, కొన్న లెక్క అమ్మిన లెక్క కలవాలె. ఇగ చేతి లెక్కలతోని కాదని సేటు ఈఆర్పీ తెచ్చిండు. అంటే నూలు కొనుడు, స్టోరు, సాంచాలు, మాల్ పంపుడు, పగార్లు, ఖాతాలు అన్నీ ఒక్క కంప్యూటర్ లెక్కలోకి వస్తయి. ఒక్కకాడ రాస్తే అన్ని కాడ్ల కనబడుతది. ఇంత మంది టవళ్లు అయినయని కొడితే చాలు, వాటికి పట్టిన నూలు కంప్యూటరే స్టోరు లెక్కలోంచి తీసేస్తది. కానీ ఏ టవల్‌కు ఎంత నూలు పడుతదో ముందుగాల మనమే చెప్పాలె. వంటకు ఉప్పు కారం కొలత చెప్పినట్టు.

ఆ కొలతలు అడుగుటానికి పుణె నుంచి ఇద్దరు పిల్లలు వచ్చిండ్రు. మంచి పిల్లలే. నన్ను "కాకా" అని పిలిచేటోళ్లు. కానీ కార్ఖానాలో అప్పటికే గుసగుస మొదలైంది. కంప్యూటర్ వస్తే ఏ బీము ఏ సాంచాకో అదే చెప్తదట, ఇగ జాబర్లతోని పనేముంది అని. నాకు అప్పుడు యాభై ఎనిమిదేండ్లు. ఈ వయసులో ఎవరు పనిస్తరు అని రాత్రి నిద్ర పట్టకపోయేది.

పిల్లగాడు సాంచాల చప్పుడులో నా చెవి దగ్గరికొచ్చి అడిగిండు, "కాకా, టవళ్లు ఎన్ని రకాలు?" నేను, "30×60, 20×40, న్యాప్కిన్" అని చెప్పి తెగిన పోగు అతకపోయిన. అడిగినదానికి జవాబు చెప్పిన. అంతకు మించి చెప్పలే.

చెప్పవలసింది ఏందంటే, టెర్రీ సాంచాకు రెండు బీములు ఉంటయి. గ్రౌండ్ బీము నూలు బట్టను పట్టుకుంటది, పైల్ బీము నూలు మెత్తటి లూపులు అయితది. మీటరు బట్టకు గ్రౌండ్ నూలు మీటరుకు కొంచెమే ఎక్కువ పడుతది. పైల్ నూలు నాలుగైదు మీటర్లు గుంజుకుంటది. లూపు పొడుగు పెంచితే ఇంకా ఎక్కువ. మా దగ్గర 30×60 టవలే రెండు తీర్లు నేసేది. చదరపు మీటరుకు 400 గ్రాములది ఒకటి, 500 గ్రాములది ఒకటి. మొదటిది 450 గ్రాములు తూగుతది, రెండోది 560 దాటుతది. నా నోటుబుక్కులో బరువుదానికి పక్కన చుక్క పెట్టుకునేటోన్ని. బావ రిజిస్టర్లో కూడ వేరే ఖానా ఉండె. అకౌంటెంట్‌ను అడిగితే ఆయన కూడ ఒక్కటే అన్నడు. ఆయన తప్పు కాదు, జీఎస్టీకి రెండూ ఒక్క కోడే, 6302. పన్నుకు ఒక్కటే గానీ నూలుకు రెండు.

పుణె పిల్లలు పోతపోత, "కొన్ని నెలలు రిజిస్టరూ రాయండి, కంప్యూటరూ నడపండి, రెండూ కలిసినంక రిజిస్టర్ మూయండి" అని చెప్పిండ్రు. సేటు మొదటి నెలకే రిజిస్టర్ మూయించిండు. రెండు పనులకు రెండు పగార్లా అన్నడు.

మూడో నెల బరువు టవళ్ల పెద్ద ఆర్డర్ వచ్చింది. నాలుగు వేలు నేసినం. నెలాఖరుకు స్టోరు లెక్క పెడితే 450 కిలోల నూలు తక్కువ. యాభై కిలోల బస్తాలు తొమ్మిది. కంప్యూటర్‌ల ఉన్నయి, గోదాంల లేవు.

బావను ఆఫీసుకు పిలిచి తాళాలు తీసుకున్నరు. పగారు ఆపిండ్రు. పొద్దుగూకే వరకు గల్లీ అంతా తెలిసింది. నల్లా కాడ మా చెల్లె నిలబడితే ఆడోళ్లు మాటలు ఆపేసిండ్రట. ఆ రాత్రి ఆమె మా ఇంటికొచ్చి, "అన్నా, తొమ్మిది బస్తాలు మీ బావ ఎక్కడ దాస్తడు?" అని అడిగింది. నేను నోటుబుక్కు తీసి చూసిన. నాలుగు వేల టవళ్ల పక్కన నాలుగు వేల చుక్కలు ఉన్నట్టు అనిపించింది. టవల్‌కు నూట పన్నెండు గ్రాముల పైన తేడా. వెయ్యికి నూట పన్నెండున్నర కిలోలు. నాలుగు వేలకు సరిగ్గా ఆ తొమ్మిది బస్తాలు.

పొద్దున్నే తయారైన టవళ్లు రెండు తీర్లవి పది పది తీసుకొని సేటు ముందర కాంటా మీద పెట్టిన. ఒకటి నాలుగున్నర కిలోలు. ఇంకొకటి ఐదు కిలోల ఆరువందల పైన. సేటు రెండుసార్లు తూకం వేయించిండు. "మరి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అన్నడు. సాంచా చప్పుడుల వినబడలేదని చెప్పొచ్చు. కానీ నోరు రాలేదు. "నౌకరి పోతదని భయపడ్డ సేట్" అని ఉన్నది చెప్పిన. తిట్టిండు, పడ్డ.

బావకు తాళాలు, పగారు తిరిగొచ్చినయి. పుణె పిల్లలు మల్ల వచ్చి, ఈసారి సాంచాలు బందైన టైముల మమ్మల్ని కూర్చోబెట్టుకొని ఒక్కొక్క మాల్ తూకం వేసి రాసుకున్నరు. రెండు టవళ్లకు రెండు కోడ్‌లు పెట్టిండ్రు. నా నౌకరి పోలేదు, రిటైర్ అయ్యేదాక చేసిన. కానీ బావ నాతోని చానా రోజులు మాట్లాడలే. మాట్లాడిన్నాడు ఒక్కటే అన్నడు, "కంప్యూటర్‌కు తెల్వదు, నీకు తెలుసు గద."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటది. నేను నా నౌకరి కాపాడుకుందామని దాచిన మాట ఇంకొకల ఇంటి మీద పడ్డది. ఇప్పుడు చిన్న కార్ఖానాల్లో కూడ ఇసువంటి కంప్యూటర్లు వస్తున్నయి. మన పెద్దోళ్లకు నేను చెప్పేదొకటే, తెలిసింది దాచకండి. పని పోతదేమోనని భయముంటే నలుగురు కలిసి సేటును ముఖం మీద అడగండి.

మనవరాలు పుణె పోయే రోజు బావ కూడ బస్టాండుకు వచ్చిండు. ఆమె సంచి బస్సులో పెట్టి, "బిడ్డా, నువ్వు ఏ కార్ఖానాకు పోయినా స్టోరుల ముసలాయన ఒకడుంటడు. ముందుగాల ఆయనతోని చాయ తాగు. ఆర్నెల్ల దాక ఆయన రిజిస్టర్ మూయనీయకు" అన్నడు. బిడ్డ సరేనన్నది.