కిక్కిస నీడలో ఒక కోట

హాలండు దేశమున కోట చూడబోవు తెలుగువాడు తల యెత్తి చూచు అలవాటును ముందుగా మానుకొనవలెను. కొండపల్లి, కొండవీడు, గోలకొండ యనుచు కొండను విడిచి కోటను ఊహింపలేని మనకు, ఆమ్‌స్టర్‌డామునకు తూర్పున రైలులో అరగంటలోపు దూరమందున్న నార్డెను దుర్గము మొదటిచూపునకు దుర్గముగానే తోచదు. పచ్చిక మొలచిన మట్టికట్టలు, వాని చుట్టు మెలికలు తిరిగిన అగడ్తలు, ఆవల కొన్ని పెంకుటిండ్లు, ఒక చర్చి గోపురము. అంతకుమించి కంటికి ఆనునది లేదు. ఆరు బురుజులతో, రెండు వరుసల అగడ్తతో నక్షత్రాకృతిగా తీర్చిన ఆ నిర్మాణసౌష్ఠవము ఆకాశమునుండి చూచువానికే బోధపడును గాని, గట్టుమీద నడచువానికి మలుపు వెంట మలుపు తప్ప మరేమియు తెలియరాదు.

ఇంత జాగ్రత్తకు కారణము లేకపోలేదు. 1572 డిసెంబరు 1వ తేదీన, ఆల్వా ప్రభువు కుమారుడైన డాన్ ఫాద్రిక్ నాయకత్వమున స్పెయినుసేనలు ఈ యూరిలో ప్రవేశించి, పౌరులలో బ్రతికి బయటపడినవారిని వ్రేళ్లమీద లెక్కింపదగినంతగా సంహారము సాగించి, ఇండ్లకు నిప్పుపెట్టినవి. నూరేండ్ల తరువాత 1672లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొనగా, మరుసటి యేడు మూడవ విలియము దానిని తిరిగి గెలుచుకొనెను. నేడు మనము చూచు కట్టలును బురుజులును ఆ పిమ్మట వెలసినవే. సరిగా ఆ కాలముననే ఈ డచ్చివారి వర్తకులు మన మచిలీపట్టణములో కూర్చుండి కోరమాండలు వస్త్రములకు బేరములాడుచుండిరి.

కోటలోని పాత చిన్న ప్రార్థనామందిరమొకదానిలో కొమీనియసు సమాధి యున్నది. బొమ్మలతో బాలురకు చదువు చెప్పవచ్చునని చూపిన ఆ మొరేవియా దేశీయుడు, మతకలహములలో స్వదేశమును విడిచి, పోలెండులో తలదాచుకొనిన ఊరు కాలిపోయి, దానితో తన వ్రాతప్రతులనేకము బూడిదయై, 1656లో ఆమ్‌స్టర్‌డాము చేరి, 1670లో అక్కడనే కన్నుమూసెను. సెలవులకు టిక్కెట్టు కొనుక్కొని ఇంటికి పోగల మావంటివారు తమను ప్రవాసులమని చెప్పుకొనుటకు ఆ రాతి యెదుట కొంచెము సంకోచింపవలసి వచ్చును.

అయినను ఆనాడు మమ్ము అక్కడికి రప్పించినది కోట కాదు, కోట ప్రక్క సరస్సు. కైకలూరు ప్రాంతమున చేపలచెరువులు చేయు మా బావగారు మే నెలలో మాయింటికి రాగా, వారికి పూలతోటలకంటె ఇదియే ఆసక్తికరముగా నుండునని తలచితిని. నార్డెరుమేరు అని పిలువబడు ఈ సరస్సు చరిత్ర విచిత్రమైనది. 1629లో గాలిమరలతో నీరు తోడి దీనిని పొలముగా మార్చిరి. అదే యేడు శత్రుసేన దాపునకు వచ్చుటచే, నడచుటకు ఎక్కువయు పడవకు తక్కువయు నగు లోతున నీరు పరచి దారి నరికట్టు తమ పాత యుక్తినే నమ్ముకొని, తోడిన నీటిని తామే మరల వదలిరి. 1880ల దశాబ్దిలో ఇంకొకరు ప్రయత్నింపగా అడుగునుండి ఉప్పదనపు నీరు ఊరి, పైరును చెరచి, వారిని తరిమినది. పిమ్మట 1904లో ఆమ్‌స్టర్‌డాము నగరసభకు మరియొక ఆలోచన పుట్టినది: నగరపు చెత్తనంతయు తెచ్చి దీనిలో పోయుట.

దాని నెదిరించినవారిలో ముఖ్యుడు తైసే యను బడిపంతులు. ప్రతిపాదన వీగిపోయినను, నేడు కాకున్న రేపు మరల తలయెత్తునని గ్రహించి, ఆయనయు మిత్రులును 1905లో ప్రకృతిరక్షణకొక సంఘమును స్థాపించి, 1906లో 155,000 గిల్డర్లకు సరస్సును కొనివేసిరి. ఆ తరువాత ఆయన వెర్కాడే బిస్కత్తుల కంపెనీకొరకు వ్రాసిన పుస్తకములలో 1912 నాటిది ఈ సరస్సును గూర్చినదే. బిస్కత్తుపొట్లములలో వచ్చు రంగురంగుల బొమ్మలను పిల్లలు ఏరి, ఖాళీచోట్ల అంటించి దానిని పూర్తిచేయవలెను. శాసనములకంటె ఆ బొమ్మలే ఎక్కువ పని చేసియుండునని నా నమ్మకము.

చప్పుడు లేని విద్యుత్తుపడవ రెల్లు నడుమ సన్నని కాలువలోనికి తిరుగగానే, బావగారు ప్రక్కకు వంగి ఒక ఆకును పట్టి, వ్రేళ్లతో నులిమి చూచి, "ఏమోయ్ బావా, ఇది మన కిక్కిసే కదూ!" అనిరి. అంతలో ఆ కిక్కిసలోనే ఎఱ్ఱ నారాయణపక్షి యొకటి కనబడినది. మెడమీది నల్లచారలు కాడల నీడలతో కలిసిపోవుటచే కొంతసేపు పక్షి యేదియో గడ్డి యేదియో తెలియలేదు. అది మెడను మెల్లగా ముందునకు చాచి, ఒక్క పోటున చేపను పట్టి, తల ముందుగా లోపలికి పోవునట్లు ముక్కున త్రిప్పుకొని మ్రింగగా, ఆ చేప గొంతులో దిగుచున్నంతమేర మెడ ఉబ్బి మరల సన్నగిల్లినది. ఇచ్చటి ఈ పక్షులు చలికాలము పశ్చిమాఫ్రికా చేరును. కొల్లేటిలో వీని జ్ఞాతులు ఏడాది పొడుగునను ఉండును. దూరమున నీటికాకుల రెట్టతో తెల్లబడి మోడువారిన చెట్లను చూచి, "ఇవి మా చెరువులమీద వాలితే నేనేం గావాలి?" అని వారు నిట్టూర్చిరి.

వారి మాటను నవ్వి త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించి, 2006లో ఐదవ కాంటూరు లోపలి గట్లను యంత్రములతో తెగగొట్టినప్పుడు, అప్పు తెచ్చి చెరువు త్రవ్వినవాడును, ఆ చెరువుగట్టుమీద కూలికి బ్రతికినవాడును ఏమైరో వారు కన్నులార చూచినవారు. గట్లు తెగవలసినవే యని నేను నేటికిని అందును; కాని, సరస్సును వెలయిచ్చి కొన్న ఊరిలో కూర్చుండి ఆ మాట యనుట సులభము.

తిరుగుదారిలో మా రైలు ఆ సరస్సును చీల్చుకొనియే పోయినది. 1874లో వేసిన మార్గమది. కిటికీకిరువైపుల మెరయు నీటిని చూచి, ఈ రైలుకట్టయే లేకున్న ఇంకెన్ని పక్షులు గూళ్లు కట్టెడివో యని నేను విచారింపగా, బావగారు పల్లీలపొట్లము విప్పుచు, "రైలే లేకపోతే నువ్వు నన్ను ఇక్కడికి నడిపించి తీసుకొచ్చేవాడివా?" అని, నా చేతిలో కొన్ని పోసిరి.